షమ్సా గోడ

ఒమన్ ఉత్తరాన ఉన్న షినాస్‌కు పోవాలని కంపెనీ చెప్పిన రోజు ఓంకార్‌కు తల కొట్టేసినట్టయింది. మస్కట్ దగ్గర అల్ మవాలేలో కొత్త విల్లాలు లేస్తున్నాయి. వాటి ఫినిషింగ్ పనికి తనను కాదని ఇంకొకరిని పెడతారని అతను కలలో కూడా అనుకోలేదు. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలోనే గల్ఫ్‌కు వచ్చి, మొదట దుబాయ్‌లో, తర్వాత ఒమన్‌లో గోడలు కడుతూ కడుతూ నడివయసుకు వచ్చిన మేస్త్రీ అతను. అతను ప్లాస్టరింగ్ చేసిన గోడకు బద్ద ఆనించి చూస్తే సన్నటి వెలుగు కూడా దూరేది కాదు. ఆ మాట ఎవరో అనేదాకా ఆగే అలవాటు ఓంకార్‌కు లేదు. "నా గోడ జూసి నేర్సుకోన్రి" అని సైట్‌లో తనే చెప్పుకునేవాడు. కోపగించుకునేవాళ్లు కోపగించుకునేవారు, నేర్చుకునేవాళ్లు నేర్చుకునేవారు.

ఘాలాలోని కూలీల క్యాంపు నుంచి అతన్నీ, నలుగురు కూలీలనూ పికప్‌లో ఎక్కించుకుని బయల్దేరాడు మజహర్. హైదరాబాద్ మనిషి. కంపెనీకి డ్రైవరూ ఆయనే, సైట్‌కు సామాను తెచ్చిపెట్టేదీ ఆయనే.

"పాత ఇల్లంట భాయ్. మట్టిది. రిపేర్ చెయ్యాల్నంట," అన్నాడు మజహర్ దారిలో.

"మట్టి ఇంటికి రిపేరేంది మజహర్ భాయ్? కూలగొట్టి బ్లాకులు పెడితే పీడ వోతది."

"అచ్ఛా. గదే మాట అర్బాబ్‌కు, ఇంటి మాలిక్‌కు చెప్పు. నేను మాత్రం పికప్ దిగను."

ఖర్జూరపు తోట దాటగానే ఇల్లు కనబడింది. రెండంతస్తులు. కోటలాగా మందపాటి గోడలు, ఒంటినిండా బూడిదరంగు సిమెంటు. పలకలు పలకలుగా పగిలిన సిమెంటు మధ్య నుంచి అక్కడక్కడ మట్టి తొంగి చూస్తోంది. ముందు మాత్రం చెక్కడపు పని చేసిన పెద్ద టేకు తలుపు, ఇత్తడి బొడిపెలతో. ఊళ్లోవాళ్లు దాన్ని పెద్దిల్లు అంటారు. ఇంటి యజమాని ఖల్ఫాన్ సోహార్ పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైనవాడు. పక్కనే కట్టుకున్న కొత్త విల్లాలో ఉంటాడు. పెద్దిల్లు తాత సైఫ్ కట్టాడని, ఓడల్లో బొంబాయికి ఖర్జూరం తీసుకెళ్లి ఆ తలుపు తెచ్చాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాడు. నలభై ఏళ్ల కిందట ఖల్ఫాన్ తండ్రి ఇంటికి సిమెంటు పూయించి, పైగది కిటికీలు మూయించి ఏసీలు పెట్టించాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే కొత్త ఇళ్లకు వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ ఇంటిని మళ్లీ నిలబెట్టి, పండగలకూ పెళ్లిళ్లకూ కుటుంబమంతా చేరే చోటు చేయాలని ఖల్ఫాన్ కోరిక.

పని చూసుకునే ఆర్కిటెక్ట్ వాకిట్లో డ్రాయింగులు పట్టుకుని నిలబడి ఉంది. ఓంకార్ కూలీలతో మాట్లాడటం విని నవ్వుకుంటూ దగ్గరికి వచ్చింది.

"అన్నా, మీది జగిత్యాల దిక్కా?"

"మెట్‌పల్లి మేడం. మీరు తెలుగోళ్లా?"

"హనుమకొండ. పేరు వాణి. పాత ఇండ్లు బాగుచేసుడే నా పని. ఇగ మనకు మాట కష్టం లేదు."

మాట కష్టం లేకపోయినా మొదటి రోజే వాదన వచ్చింది. ముందు గోడల మీది సిమెంటంతా తీసేయాలని వాణి అంది. ఓంకార్ ఒప్పుకోలేదు.

"సిమెంట్ తీస్తె ఇల్లే కూలుతది మేడం. దాన్ని పట్టుకొనే నిలవడ్డది గదా!"

"సిమెంటే దాన్ని తింటున్నదన్నా. మట్టిగోడ కింది నుంచి తడి గుంజుకుంటది, మళ్ల గాలికి ఇడుస్తది. మనం మీద మూత పెట్టినం. ఆ తడి ఎటు పోవాలె?"

"తీసి చూద్దాం. తప్పెవలిదో తెలుస్తది," అన్నాడు ఓంకార్ సుత్తి అందుకుంటూ.

దక్షిణపు గోడ దగ్గర నాలుగు దెబ్బలకే సిమెంటు డబ్బా మూతలా ఊడి వచ్చింది. వెనక మట్టి తడిసిన బెల్లంలా ఉంది. వేలు పెడితే దిగిపోయింది. ఓంకార్ ఆ వేలు చూసుకుని, గోడను చూసి, కూలీల వైపు తిరిగాడు. "మేడం చెప్పినట్టే తీయున్రి," అన్నాడు. కానీ ఉత్తరపు మూల దగ్గర మాత్రం పట్టుబట్టాడు. పైగది బరువంతా ఆ మూల మీదే ఉందని, కప్పుకు సపోర్టులు పెట్టేదాకా అక్కడి సిమెంటు ముట్టుకోవద్దని అన్నాడు. వాణి చాలాసేపు ఆ మూల చుట్టూ తిరిగి, చివరికి సరేనంది. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ పొరబడ్డారు.

చలికాలపు వాన షినాస్ ఉన్న బాతినా తీరంలో ఎప్పుడో గాని పడదు. ఆసారి పట్టుకుని కురిసింది. పగుళ్లలోంచి దిగిన నీళ్లు ఉత్తరపు మూల సిమెంటు వెనకే ఉండిపోయాయి. మర్నాడు పొద్దున వాన వెలిశాక, అందరూ తోటలో చాయ్ తాగుతుండగా ఉత్తరపు మూల జారిపోయింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. బస్తా విప్పి ధాన్యం పోసినట్టు మట్టి జరజరా దిగి, దాని మీద సిమెంటు పలకలు పడ్డాయి. పైగది నేల ఒక పక్కకు వంగి, రెండు వాసాలు గాల్లోకి పొడుచుకొచ్చాయి. లోపల ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి కంపెనీ మేనేజరు వచ్చాడు. ఉత్తరం వైపు సగం ఇల్లు పడగొట్టి, సిమెంటు బ్లాకులతో కట్టి, పైన మట్టిరంగు వేస్తే ఎవరూ గుర్తుపట్టరని ఖల్ఫాన్‌కు చెప్పాడు. ఖల్ఫాన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ మట్టికుప్పనే చూస్తున్నాడు. "మా నాన్న సిమెంటు పూశాడు. నేను పడగొడతాను. మా తాత రాత ఇంతే అనుకుంటా," అన్నాడు హిందీలో. వాణి ఒక్కరోజు గడువు అడిగింది. మేనేజరు విసుక్కున్నాడు గాని ఖల్ఫాన్ తల ఊపాడు.

పైగది పూర్తిగా దిగకముందే సపోర్టులు పెట్టాలని ఓంకార్ మజహర్‌ను తీసుకుని ఆ మూలలోకి వెళ్లాడు. ఇనుప జాకీలు బిగిస్తూ పక్కకు చూసి ఆగిపోయాడు. కూలింది గోడ పైపొర మాత్రమే. దాని లోపల ఇంకో గోడ ఉంది.

అది చిన్నదీ, పాతదీ. ఇటుక కొలత వేరు, మట్టి రంగు వేరు. ఎండ తగలని చోట కూడా రాయిలా గట్టిగా ఉంది. ఛాతీ ఎత్తులో సన్నటి నిలువు బెజ్జాలు, లోపలికి వెడల్పుగా, బయటికి ఇరుకుగా. తుపాకీ గొట్టం పట్టేంత. ఒకవైపు వంటపొగ నల్లగా పట్టి ఉంది.

"వాణి మేడం! ఉరికి రాన్రి!"

వాణి మట్టికుప్ప ఎక్కి వచ్చి, ఆ గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తర్వాత డ్రాయింగు తీసి గోడ పక్కన పెట్టి చూసింది.

"అన్నా, మనం ఇన్ని రోజులు ఒక్కటే ఇల్లు అనుకున్నం. ఇది బురుజు. ముందు ఇది ఒంటరిగ ఉండె. తర్వాత ఎవరో దీన్ని ఈ మూలల లోపల పెట్టుకొని చుట్టూ ఇల్లు కట్టిన్రు."

"అంటె ఇంట్ల ఇల్లు."

"ఊఁ. ఇంట్ల ఇల్లు."

ఓంకార్ చూస్తున్నది బెజ్జాల వైపు కాదు. గోడ పూత మీద వేళ్ల గుర్తులు ఉన్నాయి. చేపపొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి, వంపులు వంపులుగా. తన చెయ్యి వాటి మీద పెట్టి తిప్పి చూశాడు. అతని చెయ్యి ఆ వంపు దాటిపోయింది.

"ఇవి మొగోళ్ల చేతులు గావు మేడం. మా అవ్వ గోడ అలికితె గిట్లనే వంపు వచ్చేది. మొగోడు తాపీ వడతడు, లేకుంటె ఇంత పెద్దగ గీస్తడు."

"కావచ్చన్నా. చేతులు జూసి నేను రాసియ్యలేను గాని, అడిగి చూద్దాం. ఆ ముసలమ్మకు తెలుస్తదేమో."

ముసలమ్మంటే మౌజా. ఖల్ఫాన్ చిన్నాన్న భార్య. ఎనభై దాటిన మనిషి. పదహారేళ్లకు కోడలిగా ఈ ఇంటికి వచ్చింది. తర్వాత కొన్నేళ్లు భర్తతో కరాచీలో ఉండటం వల్ల హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మజహర్, ఇంకో కూలీ కలిసి మోసుకొచ్చారు. ఆమె ముసుగు సర్దుకుని గోడ వైపు వంగి చూసింది.

"షమ్సా గోడ," అంది తాపీగా. "ఇంకా ఉందా?"

ఖల్ఫాన్ ఆమె పక్కన కూలబడ్డాడు. "షమ్సా ఎవరు పిన్నీ?"

"నీ తాత సైఫ్ తల్లి. మా అత్త చెప్పేది. షమ్సా మొగుడు ఓడ మీద పోయి తిరిగి రాలేదు. చంకలో సైఫ్, చుట్టూ ఖర్జూరపు తోట, తోట మీద కన్నేసిన బంధువులు. ఆమె ఎవరింటికీ పోలేదు. తోట నడుమ ఈ బురుజు కట్టించింది. మగవాళ్లు మట్టి మోశారు. పూత మాత్రం షమ్సా, ఆమె చెల్లెళ్లు వేసుకున్నారు. సైఫ్ ఈ బెజ్జాల దగ్గర ఆడుకుంటూ పెరిగాడు."

"మరి ఇల్లంతా తాతే కట్టాడని ఎందుకన్నారు?"

"సైఫ్ పెద్ద తలుపు తెచ్చాడు. మేడ వేశాడు. వచ్చినవాళ్లు తలుపును చూశారు," అంది మౌజా. "నన్నెవరు అడిగారు?"

ఖల్ఫాన్ లేచి మట్టికుప్ప ఎక్కి ఆ గోడను అరచేత్తో తాకాడు. దిగి వచ్చి, ఈ గోడ కూలకూడదు అన్నాడు మేనేజరుతో. అయితే సైఫ్ కట్టిన బయటి మూల తిరిగి లేవకపోతే పైగది నిలవదు. పైగది దిగితే షమ్సా గోడా మిగలదు. బ్లాకులు తప్ప దారి లేదని మేనేజరు అన్నాడు. మట్టి పని తెలిసినవాళ్లను వెతికి తేవడానికి నెలలు పడుతుందని కూడా అన్నాడు.

"నేను లేపుత," అన్నాడు ఓంకార్. "మట్టితోనే లేపుత."

"నువ్వెప్పుడైనా మట్టిగోడ కట్టావా?"

"లేదు సార్. సిమెంట్ పని గూడ పుట్టంగనే రాలేదు నాకు."

మేనేజరు వాణి వైపు చూశాడు. లెక్కలు, డ్రాయింగులు తను చూసుకుంటానని, కట్టే చెయ్యి మాత్రం ఓంకార్‌దే అయితే బాగుంటుందని ఆమె అంది. ఖల్ఫాన్ "ఖలాస్, అతనే కడతాడు" అని ఆ మాట ముగించాడు.

మర్నాడు పొద్దున్నే ఓంకార్ తల్లికి వీడియో కాల్ చేశాడు. కమలవ్వ అరుగు మీద కూర్చుని ఉంది.

"అవ్వా, గోడకు మన్ను ఎట్ల కలిపేటోళ్లే?"

"గల్ఫ్‌కు వోయి మన్ను పిసుకుతున్నవా కొడుకా? ఇక్కడ మన్ను లేకనా?" అని ఆమె ముందు నవ్వింది. తర్వాత వివరంగానే చెప్పింది. "నానబెట్టు. గడ్డి తరిగి ఏసి మల్ల నానబెట్టు. వాసన రావాలె. కాళ్లతోని తొక్కు, పాదానికి అంటకుండ ఇడిసేదాంక తొక్కు. ముద్ద జేసి కింద పడెయ్యి. పగిలితె నీళ్లు తక్వ, పరుసుకుంటె ఎక్వ."

కూలిన మట్టినే పోగుచేసి, అందులోని సిమెంటు ముక్కలు ఏరేసి, గుంటలో నానబెట్టారు. ఓంకార్ ప్యాంటు మడిచి ముందు తనే దిగాడు. మజహర్ గట్టు మీద నిలబడి, "హౌలే, డ్రైవర్ వీసా మీద వచ్చిన నేను, మట్టి తొక్కుడు అందుల రాయలే," అన్నాడు. సాయంత్రానికి ఆయనా మోకాళ్లదాకా మట్టిలోనే ఉన్నాడు. వేసిన ముద్ద పగలలేదు, పరుచుకోలేదు. ఓంకార్ ఆ ముద్దను ఫోటో తీసి తల్లికి పంపించాడు.

కానీ ఆ మట్టితో చేసిన ఇటుకలు ఎండుతుంటే తెల్లగా ఉప్పు పూసింది. గోకితే అంచులు పిండిలా రాలాయి. కమలవ్వ ఫోన్‌లో చూసి, "గిదేందో నాకెరుక లేదు కొడుకా, మన మన్నుల గిట్ల రాదు" అని చేతులెత్తేసింది. ఓంకార్ గడ్డి పెంచాడు, ఎండ తగ్గించాడు. లాభం లేకపోయింది. వాణి తోటబావి నీళ్లు సీసాలో పట్టి మస్కట్ పంపి పరీక్ష చేయించింది. బావిలో ఉప్పు. ఏటేటా సముద్రం నేల కింద నుంచి లోపలికి వస్తోంది. "మా కాలంలో ఆ నీళ్లే తాగేవాళ్లం" అని మౌజా నమ్మలేకపోయింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. ఆ రోజు నుంచి మజహర్ కొండల వైపున్న ఊళ్ల నుంచి ట్యాంకరులో తియ్యటి నీళ్లు తెప్పించాడు. మట్టిని ఆ నీళ్లతో రెండుసార్లు కడిగి, మళ్లీ మొదటి నుంచి తొక్కారు. ఈసారి ఇటుకలు గోధుమరంగులో, గట్టిగా, మోగేలా ఎండాయి.

పునాది దగ్గర నేల చవుడు పైకి ఎక్కకుండా మోకాలెత్తు రాతికట్టు వేయాలని వాణి గీసి ఇచ్చింది. దానికి సిమెంటు బదులు సారూజ్ వాడారు. కాల్చిన బంకమట్టిలో సున్నం కలిపి చేసే పాతకాలపు గచ్చు అది. ఆ గచ్చు పనిలో ఓంకార్‌కు వెంటనే చెయ్యి కుదిరింది. దాని మీద మట్టిగోడ లేవడం మొదలయ్యాక అతనికి తన అలవాటే అడ్డొచ్చింది. తూకపు గుండు వేసి, గీత గీసినట్టు నిలువుగా మొదటి వరుసలు లేపాడు. వాణి దూరం నుంచి చూసి తల అడ్డంగా ఊపింది.

"అన్నా, పాత గోడ పైకి పోయినకొద్దీ లోపలికి వాలుతది. మీది నిటారుగున్నది. రెండిటికి అతకదు."

"గుండుకు సక్కగున్న గోడను వంకర జెయ్యమంటవా?"

"గుండు పక్కకు పెట్టి, సైఫ్ గోడను చూడున్రి."

ఓంకార్ రుసరుసలాడుతూ ఇవతలి గోడ పక్కన చెంప ఆనించి పైకి చూశాడు. నిజమే. కింద ఒక మనిషి పడుకునేంత మందం, పైన అందులో సగం. బరువంతా లోపలికి, నేల వైపుకు ఒదిగేలా కట్టారు. అతను కట్టిన వరుసలు తనే విప్పి, గుండు పెట్టెలో పడేసి, మళ్లీ మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి "వాణి మేడం" అనడం మానేసి "వాణమ్మా" అనసాగాడు.

పని నెమ్మదిగా సాగింది. ఒక వరుస పెట్టి, అది ఎండేదాకా ఆగాలి. మేనేజరు ఫోన్ చేసి, ఇన్ని రోజుల్లో ఒక విల్లా లేచిపోయేదని గోల పెట్టాడు.

"తడిగోడ మీద ఇంకో వరుస పెడితె మల్ల అదే కూలుడు సార్," అన్నాడు ఓంకార్. "నీకు తొందరుంటె నన్ను మవాలే పంపు. ఈ గోడ మాత్రం నువ్వు తొందరపెడితె ఎండదు."

మేనేజరు అతన్ని మవాలే పంపలేదు. ఆ తర్వాత ఫోన్లూ తగ్గాయి. మధ్యలో రెండుసార్లు చూడటానికి వచ్చి, రెండోసారి ఎండిన గోడను వేళ్లతో తట్టి చూసి కారెక్కాడు.

ఎండాకాలం ముదిరేలోపే మూల పైకప్పును అందుకుంది. జాకీలు ఒక్కొక్కటే వదులు చేస్తుంటే అందరూ వెనక్కి జరిగి నిలబడ్డారు. పైగది బరువు కొత్త గోడ మీదికి దిగింది. గోడ కదల్లేదు. ఓంకార్ దాని మీద చరిచి, "ఇగ వాన రమ్మను," అన్నాడు.

చివరగా పైగదిలో మూసేసిన కిటికీలు తెరిచారు. బ్లాకులు తీస్తుంటేనే సముద్రం వైపు నుంచి గాలి లోపలికి తోసుకొచ్చింది. ఏసీ పెట్టె ఉన్న చోట ఎలుకల గూడు తప్ప ఏమీ దొరకలేదు. కప్పులో సైఫ్ ఆఫ్రికా తీరం నుంచి ఓడలో తెచ్చిన గుండ్రటి వాసాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కింది అంతస్తులో నేలంతా గాడులు ఉన్న చీకటి గది ఒకటి బయటపడింది. అది ఖర్జూరపు బస్తాలు పేర్చే గది. బరువుకు కారిన తేనెలాంటి పాకం ఆ గాడుల్లో పారి మూలనున్న కుండలో పడేదని మౌజా చెప్పింది. షమ్సా గోడ మీద కొత్తగా పూత వేయొద్దని, వేళ్ల గుర్తులు అందరికీ కనబడేలా అలాగే వదిలేయమని ఖల్ఫాన్ అడిగాడు. కొత్త మూల గీసినప్పుడే దానికీ షమ్సా గోడకూ మధ్య వదిలిన సందులో వాణి మనిషి నిలబడి చూసే చోటు చేసింది.

ఆ ఇంట్లో మొదటి వేడుక ఖల్ఫాన్ కూతురి పెళ్లి విందు. ఊళ్లోవాళ్లు, సోహార్ నుంచి, మస్కట్ నుంచి బంధువులు వచ్చారు. కూలీలందర్నీ కూడా పిలిచారు. ఇల్లు చూపించమని అడిగినవాళ్లను ఖల్ఫాన్ తను తిప్పకుండా ఓంకార్ దగ్గరికి పంపాడు. "కట్టినవాడు చెప్తాడు," అన్నాడు.

ఓంకార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తనకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి, ఏమాత్రం తడబడకుండా మొదలుపెట్టాడు. "హాజా... ఇది షమ్సా గోడ. ఇల్లు ఇక్కడ మొదలైంది. హాజా సైఫ్ గోడ, ఆయన ఓడలు నడిపిండు, అందుకే మేడ వచ్చింది. ఈడ నుంచి ఆడిదాక అర్బాబ్ వాళ్ల నాయన సిమెంట్ పూసిండు, తీసేసినం."

"మరి ఈ మూల?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"ఇది నాది," అన్నాడు ఓంకార్.

కాఫీ కప్పులు పట్టుకున్న గుంపు అతని వెంట కదిలింది. ఖర్జూరపు గది దగ్గరికి వచ్చేసరికి అతను ఉత్సాహం పట్టలేక, ఆ గది కూడా షమ్సాయే కట్టించిందని చెప్పేశాడు. తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న మౌజా కర్ర ఎత్తింది.

"కాదు! అది సైఫ్ పెళ్లాం కట్టించింది. మా అత్త. సరిగ్గా చెప్పు."

"అచ్ఛా అమ్మా, మీ అత్త," అని ఓంకార్ దిద్దుకుని, ఆ గది కథ మళ్లీ మొదటి నుంచి, ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. వాణి ఫోన్ తీసి మౌజా పక్కన కూర్చుని, ఆ అత్త పేరేంటని అడుగుతోంది. మజహర్ బిర్యానీ పళ్లెం దగ్గర చోటు చూసుకున్నాడు. "పైగది చూస్తరా? గాలి మస్తుగొస్తది, రాన్రి," అంటూ ఓంకార్ ముందు నడిచాడు. జనం అతని వెనకే మెట్లెక్కారు.